ముందు కత్తిని మొద్దు చెయ్యండి

క్షవరం కత్తికి పదును పెట్టడం నేర్పమని వచ్చినవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట వింటే చాలామందికి చిర్రెత్తుకొస్తుంది. ఒక గాజు గ్లాసు తీసుకుని బోర్లించండి. దాని అడుగు అంచు మీద కత్తి వాదరని నిలబెట్టి, బరువు వెయ్యకుండా, మడమ నుంచి మొన దాకా ఒక్కసారి లాగండి. ఉన్న కాస్త పదునూ అక్కడితో సరి. ముంజేతి మీద నూగు కూడా తెగదు. ఇప్పుడు రాయి బయటికి తియ్యండి.

"ఉన్నది కూడా చెడగొట్టుకోమంటావేటి?" అన్నారు మా బావగారు ఈ మాట విని.

చెడగొట్టుకోమనే అంటున్నాను. సగం పదునున్న కత్తి మనిషిని మోసం చేస్తుంది. మధ్యలో ఒక అంగుళం పాత పదునే మిగిలి ఉంటుంది, అక్కడ రోమం తెగుతుంది, పని అయిపోయిందనుకుని మెరుగు రాయి మీదకి వెళ్ళిపోతాం. మడమ దగ్గరా మొన దగ్గరా రెండు వైపుల వాలులూ ఇంకా కలవనే లేదు. ఆ తర్వాత ఎంత ఖరీదైన రాయి మీద ఎన్ని గంటలు రుద్దినా చెంప మంట తగ్గదు. గ్లాసు మీద పూర్తిగా చంపిన వాదర అబద్ధం చెప్పలేదు. వెయ్యి నంబరు రాయి మీద నూరాక ఈ కొస నుంచి ఆ కొస దాకా నూగు తెగిందంటే అది మీరు పెట్టిన పదునే, పాతది కాదు.

నేనుండేది కిరండూల్లో. విశాఖపట్నంలో కిరండూల్ పాసింజరెక్కి అరకులో దిగిపోయేవాళ్ళకి ఈ పేరు రైలు బోర్డు మీద తప్ప తెలియదు. దిగకుండా అలాగే కూర్చుంటే కోరాపుట్, జైపూర్, జగదల్‌పూర్, దంతెవాడ, బచేలీ దాటాక పట్టాలు అయిపోయే చోట మా ఊరు. వెనక బైలాడీలా కొండ. ఎద్దు మూపురంలా ఉంటుందని ఆ పేరు. 1960లో జపాన్ ఉక్కు మిల్లులతో ఒప్పందం కుదిరింది, ఈ కొండ ఇనుపరాయి వాళ్ళకి పంపేటట్టు. దాన్ని విశాఖ రేవుకి చేర్చడం కోసమే కొత్తవలస నుంచి ఇక్కడి దాకా కొండలు తొలిచి నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు రైలుదారి వేశారు. 1968లో 14వ నంబరు నిక్షేపంలో పని మొదలైంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల నుంచి మనవాళ్ళు ఇక్కడికి వచ్చిపడింది ఆ రోజుల్లోనే. మా నాన్న కూడా ఆ రైలుదారి పట్టుకునే వచ్చాడు. అన్నేళ్ళు మా కొండ ఓడలెక్కి జపాన్ వెళ్ళింది కదా, జపాన్ కొండ ముక్క ఒకటి మా ఇంటికి రావడం నాకు విడ్డూరంగా తోచదు. మనవాళ్ళు వెళ్ళిన ఊరి నుంచి ఎప్పుడో ఒకప్పుడు మూట వస్తుంది.

కత్తి మాత్రం ఇక్కడిదే. అంటే ఇక్కడ నాకు దొరికినది. పుట్టుక జర్మనీలోని సోలింగెన్. మా క్యాంపులో ఒక మంగలి తాత ఉండేవాడు, విజయనగరం వైపు మనిషి. ఊరు హిందీ మాట్లాడుతుంది కాబట్టి ఆయన పొదిలో వస్తువులన్నిటికీ హిందీ పేర్లే పడిపోయాయి. కత్తి ఉస్తరా, తోలుపట్టా చమోటా, సానరాయి సిల్లీ. పటికముక్క ఒక్కటే పటికగా మిగిలింది. ఎయిడ్స్ భయంతో మనిషికో బ్లేడు మార్చే పద్ధతి వచ్చాక ఆయన ఉస్తరా పక్కన పెట్టి, కొన్నాళ్ళకి మా నాన్నకి ఇచ్చేశాడు. ఆ కొత్త పద్ధతి న్యాయమైనదే. ఒక కత్తి ఒక్క మనిషికే. అన్నదమ్ములైనా పంచుకోకూడదు. ఈ ఒక్క విషయంలో నేను పూర్తిగా లోకంతోనే ఉన్నాను.

కత్తి ఇచ్చాడు గాని రాయి ఇవ్వలేదు. అడిగితే, "వద్దు బాబూ. ఇది నా చేతికి అలవాటుపడిపోయింది. నీ చెయ్యి పడితే దీని పొట్ట మారిపోద్ది" అన్నాడు. అప్పుడది పిసినారితనం అనుకున్నాను. ఆ సిల్లీ మధ్యలో ఊయలలా లోతుపడి ఉండేది. ఆయన ఏళ్ళ తరబడి ఆ లోతుకి తగ్గట్టే మణికట్టు తిప్పుతూ వచ్చాడు. రాయీ చెయ్యీ ఒకదానికొకటి సరిపోయాయి. నా చేతికి ఆ రాయి పనికొచ్చేది కాదు. అందుకే ఎవరైనా వాడి వాడి గుంటపడ్డ పాత సానరాయి ముచ్చటపడి ఇస్తే దండం పెట్టి తిరిగి ఇచ్చెయ్యండి.

ఇక రాయి కొనే సంగతి. జపాన్ సహజ సానరాళ్ళని అక్కడ తెన్నెన్ తోయిషి అంటారు. పేరున్న మెరుగు రాళ్ళు క్యోటో చుట్టుపక్కల కొండల్లోవి. నకయామా, ఓహిరా, ఓజుకు, షోబుదాని, ఇవన్నీ గనుల పేర్లు. చాలావరకు మూతపడ్డాయి. ఇప్పుడు అమ్ముడయ్యేది ఎక్కువగా ఎప్పుడో తవ్వి దాచిన సరుకు. ఈ రాళ్ళ పుట్టుక సముద్రంలో. రేడియోలేరియా అనే కంటికి కనపడని సముద్రజీవులుంటాయి. వాటి గవ్వలు గాజులాంటి సిలికా. అవి చచ్చి సముద్రం అడుగున పేరుకుని, మట్టితో కలిసి కోట్ల ఏళ్ళు నొక్కుకుపోతే ఈ రాయి అయింది.

ఈ రాళ్ళు కొనబోయేవాళ్ళకి అనుభవజ్ఞులు ఇచ్చే సలహా: బాగా గట్టి రాయి, చక్కగా కోసిన ఇటుక ఆకారం, గని ముద్ర ఉన్నది చూసి కొనండి. నేను మూడూ వద్దంటాను.

గట్టి రాయి నేర్చుకునేవాడిని క్షమించదు. దాని మీద నీళ్ళు చల్లి రుద్దినా పాలలాంటి రాతిపొడి నీళ్ళు ఊరవు, కత్తి ఎక్కడ తప్పుగా ఒరిగిందో చెప్పదు, ఒక్క గరుకు నలుసు పడితే వాదరని కొరికేస్తుంది. నడిమి గట్టిదనం చాలు. ఇటుక ఆకారం అక్కర్లేదు. కోతలో మిగిలిన వంకరటింకర ముక్కల్ని అక్కడ కొప్పా అంటారు, అదే గనిలో అదే పొరలోంచి వచ్చినదైనా ధర చాలా తక్కువ. కత్తి వెడల్పు అంగుళం కూడా ఉండదు. దానికి అరచెయ్యంత చదునైన ముఖం ఉంటే సరిపోతుంది. ఇక ముద్రలకీ, కాకిరెక్క మచ్చలు, బేరిపండు చుక్కలు అని పేర్లు పెట్టి అమ్మే అందాలకీ జనం వేలకి వేలు పోస్తారు. మచ్చ ఏ కత్తికీ పదును పెట్టలేదు. నంబరు కూడా అడక్కండి. ఫ్యాక్టరీ రాయికి వెయ్యి, మూడు వేలు, ఎనిమిది వేలు అని నంబర్లుంటాయి. కొండకి నంబరు ఉండదు. అమ్మేవాడు చెప్పాడంటే అది అతని అంచనా మాత్రమే.

మా మేనల్లుడు టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నిషి కసాయిలో, మన దేశపువాళ్ళు ఎక్కువగా ఉండే పేటలో కాపురం. సెలవులో క్యోటో వెళ్తున్నాడని తెలిసి రెండే పరీక్షలు చెప్పాను. రాయి మీద ఒక నీటిచుక్క వెయ్యి, వెంటనే తాగేస్తే మెత్తన, పూసలా నిలబడిపోతే మరీ గట్టి, నింపాదిగా ఇంకితే మనది. తర్వాత గోటితో ముఖమంతా గీసి చూడు, గోరు ఎక్కడైనా గీతకి తట్టుకుంటే పెట్టేసి వచ్చెయ్. ఆ గీతల్లోనే గట్టి నలుసులు ఉంటాయి. కొట్లోంచి ఫోన్ చేశాడు. "మావయ్యా, చూడ్డానికి అస్సలు బాగోలేదు, చట్నీ బండ విరిగినట్టుంది" అన్నాడు. అదే తెమ్మన్నాను.

వచ్చిన రాయికి నేను చేసిన మొదటి పని కూడా తప్పేనంటారు. ఈ రాళ్ళు పొరలు పొరలుగా ఉంటాయి, పక్కల నుంచి నీరు దిగితే ఏదో ఒక రోజు బిస్కెట్టులా విడిపోతాయి. అందుకని పక్కలకీ అడుగుకీ జపాన్ లక్కరు పూయాలంటారు. మా బస్తర్‌లో కుసుమ చెట్ల మీద లక్క పండుతుంది. వడ్రంగి పాలిష్‌కి వాడే చపడా రేకులు బజార్లో తూకానికి దొరుకుతాయి. వాటిని స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి మూడు పూతలు వేశాను. నీళ్ళలో చాలాసేపు ఉంటే లక్క తెల్లబారుతుంది, నిజమే. అయితే మెరుగు రాయిని నీళ్ళలో నానబెట్టనే కూడదు, పైన చిలకరించుకుంటే చాలు. ఏడాదికోసారి కొత్త పూత వేస్తున్నాను. ఇప్పటిదాకా పగులు లేదు.

ఇంత చెప్పాక మీరు ఆ రాయి అందుకోబోతారు. ఆగండి. జపాన్ రాయి పదును పెట్టదు. పదును పెట్టేది వెయ్యి నంబరు ఫ్యాక్టరీ రాయి, హార్డ్‌వేర్ కొట్లో దొరికే మామూలుది. శ్రమలో తొంభై పాళ్ళు దాని మీదే చెయ్యాలి. తర్వాత మూడు వేలదో అయిదు వేలదో ఒకటి, వెయ్యి పెట్టిన గీతలు చెరపడానికి. క్యోటో రాయి వంతు చివరన, అదీ పావుగంట. డబ్బుంటే ముందు చౌక రాయి కొనండి, ఆరు నెలలు దాని మీదే ఉండండి. ఇది చెప్తే నన్ను మూర్ఖుడన్నవాళ్ళున్నారు, ఉత్తమమైన రాయి ఉండగా బండరాయి మీద కాలయాపనా అని. వాళ్ళ కత్తులు నేను చూశాను. అద్దంలా మెరుస్తాయి, గడ్డం తెగదు.

వంటింటి కత్తిలా దీనికి కోణం చూసుకోవడం ఉండదు. క్షవరం కత్తికి వీపు లావు, వాదర పలచన. రెండూ ఒకేసారి రాయిని తాకేలా పడుకోబెడితే కోణం దానంతటదే కుదురుతుంది, పదహారు పదిహేడు డిగ్రీల దగ్గర. నూరే కొద్దీ వీపూ వాదరా కలిసి అరుగుతాయి, కోణం మారదు. కత్తి చేసినవాడు కొలత కత్తిలోనే పెట్టేశాడు. మీరు చెయ్యాల్సింది వీపుని రాయి మీద నుంచి లేపకపోవడం ఒక్కటే.

రాయి మాత్రం చదునుగా ఉండాలి. ముఖం మీద పెన్సిల్‌తో గళ్ళు గియ్యండి. మందపాటి గాజు పలక మీద నాలుగు వందల నంబరు వాటర్ పేపర్ పరిచి, నీళ్ళు పోసి, రాయిని బోర్లించి రుద్దండి. గళ్ళన్నీ చెరిగేదాకా. వజ్రపు పలకలు వచ్చాయి గాని వాటర్ పేపర్ మెకానిక్ షాపు పక్కనే దొరుకుతుంది. తర్వాత రాయిని బాగా కడగాలి. కాగితం వదిలిన ఒక్క గరుకు నలుసు మిగిలినా పడ్డ శ్రమంతా పోతుంది.

ఇప్పుడు క్యోటో రాయి. నాలుగు చుక్కల నీళ్ళు చల్లి, నగురా అనే చిన్న తోడురాయితో ముఖమంతా రుద్దితే పాలు ఊరతాయి. పెరుగు మీద తేటలాగా కాదు, చిక్కటి మజ్జిగలా ఉండాలి. కత్తి పడుకోబెట్టి, వాదర ముందుగా, మడమ నుంచి మొనకి ఏటవాలుగా తోసి, వీపు మీద తిప్పి, వెనక్కి. వేళ్ళ బరువు తప్ప చెయ్యి బరువు పడకూడదు. ఇరవై ముప్ఫై దఫాలకి పాలు బూడిద రంగుకి తిరుగుతాయి. ఆ నలుపు ఉక్కు పొడి. అది చూడగానే కడిగెయ్యాలనిపిస్తుంది, చాలా పుస్తకాల్లో కడగమనే ఉంటుంది. నేను కడగను. ఒక్కో చుక్క నీళ్ళు కలుపుతూ పోతాను. పాలు పలచబడుతూ, చివరికి తేట నీళ్ళే మిగిలేదాకా. అప్పటికి రాయి స్వభావం మారుతుంది. మొదట్లో గుడ్డ మీద నడిచినట్టున్న కత్తి ఇప్పుడు తడి అద్దానికి అతుక్కున్నట్టు పట్టేస్తుంది. చప్పుడు కూడా మారుతుంది, గరగర పోయి సన్నటి ఉస్సుమనే ఊపిరి మిగులుతుంది. ఆ తర్వాత పది దఫాలు, అంతే. కంటితో చూసి ఆపేవాళ్ళుంటారు, మెరుపు వచ్చిందని. మీరు చెవితో ఆపండి. నేను ట్యూబులైటు ఆర్పేసి కూడా చేశాను, తేడా రాలేదు.

ఈ పని మాత్రం పగలు పెట్టుకోకండి, కనీసం మా ఊళ్ళో. ముడిఖనిజం ధూళి అన్నిటి మీదా పడుతుంది. ఉదయం తుడిచిన కిటికీ గూడు సాయంత్రానికి ఎర్రగా ఉంటుంది. అందులో ఇసుక నలుసులుంటాయి. నేను రాత్రి పదింటి తర్వాత, కిటికీలు వేసి, పట్టి పెట్టుకున్న వాననీళ్ళతో చేస్తాను. లోడు రైలు కదిలినప్పుడు బల్ల అదిరినట్టనిపిస్తే కత్తి ఎత్తి పట్టుకుంటాను.

ఆ ధూళి గురించే ఇంకొక సలహా ఉంది. అందరికన్నా ఎక్కువగా చీవాట్లు తిన్నది దీనికే.

నగలకి మెరుగు పెట్టే ఎర్రపొడి, తోలుపట్టాకి పూయమని విదేశాల్లో డబ్బాల్లో అమ్మే ఎర్ర ముద్ద, రెండూ ఐరన్ ఆక్సైడే. బైలాడీలా హెమటైటూ అదే. అందులో ఒక రకం రాయిలా కాక సహజంగానే పొడిలా ఉంటుంది, గనివాళ్ళు బ్లూ డస్ట్ అంటారు. చూడ్డానికి ఉక్కు నీలం, వేలితో నలిపితే కుంకుమ ఎరుపు. డబ్బు పెట్టి సీమ ముద్ద ఎందుకు, కిటికీ గూట్లోదే చాలని మొదలుపెట్టాను. గనిలోది ముట్టుకోలేదు, అది చట్టం ఒప్పదు. గాలి మోసుకొచ్చి నా గూట్లో పోసినదే.

మొదటిసారి రెండు కడుగులతో సరిపెట్టాను. తోలుకి పూసి పది సార్లు లాగి, నగల కొట్లో వాడే భూతద్దం పెట్టి చూస్తే వాదర ఎలకలు కొరికిన కాగితంలా ఉంది. మళ్ళీ గ్లాసు, మళ్ళీ వెయ్యి నంబరు. వారం పోయింది. తప్పు ధూళిది కాదు, తొందరది. బరువైన నలుసు ముందు మునుగుతుంది, సన్ననిది ఆలస్యంగా దిగుతుంది. కాబట్టి ఇలా చెయ్యండి. స్టీలు చెంబులో ధూళి వేసి, నీళ్ళు పోసి, బాగా కలిపి, నూరు లెక్కపెట్టండి. పైనున్న ఎర్ర నీళ్ళు ఇంకో గిన్నెలోకి వంచి, అడుగుది పారబొయ్యండి. మళ్ళీ కలిపి, ఈసారి రెండు వందలు. తర్వాత నాలుగు వందలు. ఇలా ఆరు సార్లు. ఆరోసారి వంచినది గాజు గ్లాసులో రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారికి నీళ్ళు తేరి, అడుగున మీగడలాంటి ఎర్ర బురద ఉంటుంది. నీళ్ళు మెల్లగా తీసేసి, ఆ బురదలో పైపొర మాత్రం చెంచా మొనతో తియ్యండి. కిందిది ముట్టుకోవద్దు. నీడన ఆరబెట్టి, రెండు వేళ్ళ మధ్య నలిపితే వేలిగీతల్లోకి రంగు దిగాలి తప్ప ఇంత గరుకు తగలకూడదు. కొబ్బరినూనెతో మెదిపి, వేరే తోలు ముక్కకి పూయండి. నిత్యం వాడే పట్టాకి ఎన్నడూ పూయొద్దు. చెంబెడు ధూళికి చిటికెడు వస్తుంది, ఆ చిటికెడు రెండేళ్ళు వస్తుంది. వారానికోసారి ఎనిమిది లాగులు చాలు. రాయి దగ్గరికి వెళ్ళాల్సిన అవసరం నెలల తరబడి వాయిదా పడుతుంది.

కొని తెచ్చుకుంటే పోయేదానికి ఇంత అవస్థా అంటారు. మన నేల లోహానికీ క్షవరం కత్తికీ సంబంధం కొత్తది కాదు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు పర్షియా దాకా కత్తులకి వెళ్ళేది. మన దేశపు ఊట్జ్ ఉక్కుని 1820 ప్రాంతంలో లండన్‌లో మైకేల్ ఫారడే, జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి పరిశోధించాడు. వాళ్ళ మిశ్రమ ఉక్కులతో క్షవరం కత్తులు చేయించి ఫారడే స్నేహితులకి కానుకగా ఇచ్చాడు. అంత పెద్ద శాస్త్రవేత్త గడ్డం కత్తి దగ్గర ఆగి ఆలోచించాడంటే నా చెంబులో ధూళికి ఒక వారం ఇవ్వడం ఎక్కువేం కాదు.

తోలుపట్టా సంగతి నిజానికి అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది. రాయి పట్టుకోకముందు ఒక నెల ఉత్త పట్టా మీదే ఉండండి. మంగలి తాత పట్టా లేకపోతే అరచేతి మీదే చేసేసేవాడు. మీరు చెయ్యొద్దు. రాయి మీద వాదర ముందు నడుస్తుంది, తోలు మీద వీపు ముందు నడుస్తుంది. చివరికి వచ్చాక ఎప్పుడూ వీపు మీదే తిప్పాలి. వాదర మీద తిప్పితే ఒక్క దెబ్బకి పట్టాకి కాటు, కత్తికి గుండ్రం. పట్టా బిగువుగా పట్టుకోండి, సడలితే వాదర చుట్టుకుపోతుంది. నలభై లాగులు, తొందర లేకుండా.

పదును చూడ్డానికి ముంజేతి నూగు మొదటి రాయి వరకే నమ్మదగ్గది. అద్భుతమైన వాదరా తెంపుతుంది, చెత్త వాదరా తెంపుతుంది. వెంట్రుక పైకెత్తి పట్టుకుని తాకించే పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది గాని, ఏ వెంట్రుకన్న దాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. చెంప మీదే తెలియాలి. వేడినీళ్ళతో మూడు నిమిషాలు తడిపి గడ్డం మెత్తబడ్డాక, సబ్బు నురగతో, చర్మం బిగబట్టి, గడ్డం మొలిచిన వాలుకి. దవడ కింద, వెంట్రుక వాలు తిరిగే చోట లాగినట్టనిపిస్తే క్యోటో రాయికి వెనక్కి వెళ్ళకండి. వెయ్యి నంబరుకి వెళ్ళండి. తప్పు అక్కడే జరిగి ఉంటుంది.

వానాకాలం మా ఊళ్ళో నెలల తరబడి గోడలు చెమర్చుతాయి. గీసుకున్నాక కత్తి తుడిచి, తోలు మీద నాలుగు సార్లు లాగి, కుట్టుమిషన్ నూనె చుక్క రాసి, స్నానాలగది బయట పెట్టండి. వాదర తుప్పు కంటికి కనపడదు, మర్నాడు చెంపకి కనపడుతుంది.

సంక్రాంతికి మేనల్లుడు వస్తున్నాడు. వాడికి గడ్డం ముదిరింది, కత్తి కావాలన్నాడు. రెండేళ్ళ కిందట బజార్లో పాత సామాన్లలో దొరికిన ఇంకొక సోలింగెన్ ఉంది నా దగ్గర. దాన్ని మూడు రాత్రులు కూర్చుని తయారు చేశాను. నేను ఇప్పటిదాకా పెట్టిన పదునుల్లో అదే మంచిది, మొన్న ఆదివారం గీసుకుని చూశాను. దవడ కింద కూడా జారిపోయింది. తర్వాత మరిగే నీళ్ళలోనూ స్పిరిట్‌లోనూ ముంచి తుడిచాను. ఇక నా చెంపకి తగలదు, అది వాడిది. నిన్న రాత్రి గ్లాసు బోర్లించి, దాని అడుగు అంచు మీద ఆ వాదరని మడమ నుంచి మొన దాకా ఒకసారి లాగాను. తుడిచి, నూనె రాసి, వెయ్యి నంబరు రాయితో కలిపి పాత పంచెగుడ్డలో చుట్టి పెట్టాను.